మస్కట్‌లో ఉన్న రైతు

రావులపాలెంలో బస్సెక్కి నా పక్కన కూర్చున్న అమ్మాయి, కొత్తపేటలో వ్యవసాయాఫీసుకి అర్జీ పెట్టుకోడానికి వెళ్తోంది. గోదావరి లంకలో తన అరటితోట వరదకి పోయిందట. ఏటా మునుగుతోందని మళ్లీ నాటుకోడానికి ముందే మెరక మీద పిలకలు దాచిందట కూడా. నష్టం రాసుకోడానికి వచ్చినాయన "రైతెవరమ్మా?" అనడిగితే, "మస్కట్‌లో ఉన్నారండీ" అని చెప్పిందట. అంతే, పరిహారం జాబితాలో పేరు రాలేదు.

"ఏమ్మా, మీ ఆయన మస్కట్‌లో అరటి వేశాడా? రైతువి నువ్వు కాదూ?" అని కసిరేను.

"ఆయ్, నేనేనండీ. ఆరేళ్లుగా ఒక్కదాన్నే చేస్తున్నానండీ. ఆ మాట అనడం అలవాటు లేదండీ."

"అయితే ఇప్పుడను. నేనే రైతునండీ, అను."

కిటికీ వైపు తిరిగి రెండుసార్లు మెల్లగా అనుకుంది. కొత్తపేటలో కాగితాల సంచీతో ఒక్కతే దిగింది.

ఇంత నోరున్నదాన్ని, తనతో పాటు దిగాలని నాకు తోచనేలేదు.