రెండు హాళ్ళ మనిషి

మా ఆరోగ్య పరిశోధన సంస్థలో ఉపన్యాసాలకు రెండు హాళ్ళున్నాయి. పెద్దది కింద, చిన్నది మేడ మీద. రెండింటికీ కలిపి మైకులూ ప్రొజెక్టర్లూ చూసుకునే మనిషి ఒక్కడే. రెండో మనిషిని ఇమ్మని ఏటా కాగితం పెడుతూనే ఉన్నాం. ప్రాథమిక వైద్యానికి మనుషులు చాలడం లేదని గంటలకొద్దీ వాపోయే పెద్దలకు, వాళ్ళు వాపోయే ఆ మైకులను చూసుకోవడానికి మనుషులు చాలడం లేదన్న సంగతి మాత్రం ఎన్నడూ చెవికెక్కలేదు. నాకు ముక్కు మీద కోపం అంటారు. ఉండదూ మరి? పద్దెనిమిదేళ్ళుగా ఆ హాళ్ళ గుమ్మంలో బల్ల వేసుకుని, వచ్చినవాళ్ళ పేర్లు రాసుకుని, మెడలో బ్యాడ్జీలు వేసి లోపలికి పంపేది నేనే.

ఆ మైకుల మనిషిని మేమంతా సగం డాక్టరు అనేవాళ్ళం. మొహం మీద అన్నయ్యా, వెనకాల సగం డాక్టరు. ఆయనకీ తెలుసు, నవ్వేవాడు. చదివింది పదో తరగతి. విన్నది మాత్రం ఇరవై రెండేళ్ళ ఉపన్యాసాలు. చక్కెర జబ్బు, రక్తపోటు, బాలింతల రక్తహీనత, పిల్లల టీకాలు, ఏ డాక్టరు ఏ మాట చెప్పాడో తడుముకోకుండా ఒప్పజెప్పేవాడు. హాలు ఊడ్చే ఆవిడ నెల్లాళ్ళుగా దగ్గుతుంటే వెంటబడి కఫం పరీక్ష చేయించి, అది క్షయ అని తేలేదాకా వదల్లేదు. మా అమ్మ రక్తపోటు మాత్రలు మింగనని మొండికేసినప్పుడు ఫోన్లో ఆయన చేత రెండు ముక్కలు చెప్పించాను. కన్నకూతురి మాట లక్ష్యపెట్టని మా అమ్మ ఆయన మాటకు బుద్ధిగా తలూపింది. అలా మేమందరం కలిసి ఆయన్ని డాక్టర్ని చేసేశాం.

ఒక్క సంగతి ఎవరికీ తట్టలేదు. ఆయన ఏ ఉపన్యాసమూ మొత్తం వినలేదు. పైన సభ, కింద సభ ఒకే వేళకు పెడతారు. ఇక్కడ మైకు సరిచేసి పది నిమిషాలు నిలబడేలోగా అక్కడ తెర మీద బొమ్మ ఆగిపోతుంది. మెట్లెక్కి పరిగెత్తాలి. అక్కడో పావుగంట, మళ్ళీ ఇక్కడికి. ఒకదాని మొదలు, ఇంకోదాని చివర. ఆయన వైద్యం చదువంతా అలా ముక్కలుగానే సాగింది.

ఒకసారి పేరున్న ప్రొఫెసర్ ఒకాయన వచ్చాడు. డాక్టర్లకు కాదు, మామూలు జనం కోసం ఉపన్యాసం. ఛాతీ నొప్పి అనగానే హడలిపోయి పెద్దాసుపత్రికి పరిగెత్తకండి, ముందు మీ వీధి డాక్టరుకు చూపించుకోండి అన్నది విషయం. "ఛాతీ నొప్పి అంటూ చిన్న క్లినిక్కులకు వచ్చేవాళ్ళలో చాలామందికి అది గుండె జబ్బు కాదు. కండరం పట్టేయడం, కడుపులో మంట, లేకపోతే దిగులు" అంటూ తెర మీద గుండ్రటి బొమ్మ చూపించాడు. అందులో గుండెకు దక్కిన ఎర్ర ముక్క చాలా సన్నగా ఉంది. జనం హమ్మయ్య అని ఊపిరి పీల్చుకున్నారు. అప్పుడే మేడ మీద మైకు కీచుమంది. అన్నయ్య పైకి పరిగెత్తాడు. తర్వాతి బొమ్మ ఆయన చూడలేదు.

మూడు వారాలకు మా వదినకి, అంటే ఆయన భార్యకి, ఛాతీలో బరువుగా అనిపించింది. ఆవిడ ఇంట్లో కుట్టుమిషను మీద బడిపిల్లల చొక్కాలు కుట్టేది. మిషను తొక్కితే బరువు, ఆపితే తగ్గేది. చెమటలు పోశాయి. దవడ లాగింది. "ఏమండీ, ఒక్కసారి క్లినిక్కుకి వెళ్ళొద్దామా?" అని అడిగింది.

"ఎందుకూ? రోజంతా వంగి కూచుంటావు, కండరం పట్టేసి ఉంటుంది. నూటికి ఎంతమందికో అది గుండె కాదట. అంత పెద్ద ప్రొఫెసరు నా కళ్ళముందు చెప్పాడు" అన్నాడాయన. భుజానికి మందు రాశాడు. మిషను జోలికి పోవద్దని దాని మీద దుప్పటి కప్పాడు. వంట తనే చేశాడు. ఆవిడంటే ఆయనకు ప్రాణం, ఆ మాటలో నాకు ఎప్పుడూ అనుమానం లేదు. క్లినిక్కు ఆ ఇంటికి పది నిమిషాల నడక.

మర్నాడు పొద్దున బకెట్టు ఎత్తబోయి ఆవిడ పంపు దగ్గరే కూలిపోయింది. అంబులెన్సు వచ్చేసరికి ఇంకేమీ మిగల్లేదు. నలభై తొమ్మిదేళ్ళు. మిషను మీద దుప్పటి అలాగే ఉంది, దాని పక్కన గుండీలు కుట్టని చొక్కాలు ఆరో ఏడో.

అన్నయ్య వచ్చినవాళ్ళందరికీ ఒకటే చెప్పాడు. "ఉన్నట్టుండి అయిపోయింది. ముందు ఏ నొప్పీ లేదు." కూతురికీ అదే చెప్పాడు. ఒక్కగానొక్క కూతురు. పెళ్ళయి రెండు వీధుల అవతల కాపురం, బట్టల దుకాణంలో పని. తల్లీకూతుళ్ళు అక్కచెల్లెళ్ళలా ఉండేవాళ్ళు.

నెల తిరిగేసరికి ఆ పిల్ల చిక్కి శల్యమైపోయింది. దుకాణం మానేసింది. సాయంత్రం వచ్చి తండ్రికి ఇంత వండిపెట్టి, తను తినకుండా గోడకు ఆనుకుని కూచునేది. ఒకరోజు ఉండబట్టలేక "అంతా నావల్లే నాన్నా" అందిట. ఎందుకలా అంటున్నావని అడగడానికి ఆయనకు నోరు రాలేదు. ఆ మాట తీగ లాగితే తన సంగతి బయటపడుతుందని భయం.

ఇదంతా ఆయన నాకు చెప్పింది కిందహాల్లో, మైకుల్లో బ్యాటరీలు మారుస్తూ.

"మరి పిల్లకి చెప్పవా అన్నయ్యా? తనవల్లే అనుకుని అది కుమిలి చస్తోందే!"

"చెబితే అది మళ్ళీ నా గడప తొక్కదమ్మా. దాన్ని మించి నాకెవరున్నారు?"

"అయితే నీ గడప కోసం దాన్ని అలాగే చావనిస్తావా?"

నోరు జారానని తెలుసు. అయినా ఆ మాట వెనక్కి తీసుకోలేదు. ఆయన బ్యాటరీ డబ్బా మూసి మెట్లెక్కి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత రోజూ కనబడినా, ఆ ఊసు నేనూ ఎత్తలేదు, ఆయనా ఎత్తలేదు.

ఆరు నెలలకు అదే ప్రొఫెసర్ మళ్ళీ వచ్చాడు. జనానికి నచ్చిందని అదే ఉపన్యాసం మళ్ళీ పెట్టించారు. ఆ రోజుకి సెలవు పెట్టుకోమన్నాను, వినలేదు. ఆ గుండ్రటి బొమ్మ పడింది. జనం మళ్ళీ హమ్మయ్య అన్నారు. మేడ మీద మైకు మొరాయించింది, ఎవరో రెయిలింగు మీంచి వంగి కేకేశారు. అన్నయ్య గోడ పక్కనుంచి కదల్లేదు.

తర్వాతి బొమ్మ పడింది. "కానీ ఇది డాక్టరు మిమ్మల్ని చూసి తేల్చాల్సిన మాట. ఇంట్లో కూచుని మీకు మీరు తేల్చుకునేది కాదు" అన్నాడు ప్రొఫెసర్. "శ్రమపడితే వచ్చి ఆగితే తగ్గే నొప్పి, చెమటలు, దవడకో చేతికో పాకే నొప్పి, వీటిలో ఏది ఉన్నా ఒక్క క్షణం ఆలస్యం చేయకండి."

ఒక్కొక్కటీ వింటూ అన్నయ్య తల ఆడించాడు, ఎవరో తన ఇంటి సంగతి చదివి వినిపిస్తుంటే ఔనౌనన్నట్టు.

పైహాలు పెద్దమనిషి దడదడా దిగివచ్చి నా మీద విరుచుకుపడ్డాడు. "మీ మైకులవాడేడీ?"

"లోపల ఉన్నాడండీ. వింటున్నాడు."

"వినడానికా అతనికి జీతం ఇచ్చేది?"

దానికి నేను ఏమన్నానో ఇక్కడ రాయను. నాకు మెమో ఇచ్చారు, అదొక్కటి చెబితే చాలు.

ఆ రోజు ప్రశ్నల వేళ అన్నయ్య ఎప్పట్లాగే మైకు పట్టుకుని వరసల మధ్య తిరిగాడు. ఎవరికి కావాలంటే వాళ్ళకి అందించాడు. తను ఏమీ అడగలేదు. సభ అయ్యాక తీగలు చుట్టకుండా ఇంటికి వెళ్ళిపోయాడు. నేనూ ఊడ్చే ఆవిడా కలిసి చుట్టాం.

మర్నాడు పొద్దున్నే నా బల్ల దగ్గరికొచ్చి కుర్చీ లాక్కున్నాడు. "చెప్పేశానమ్మా" అన్నాడు.

సాయంత్రం పిల్ల కంచం పెట్టగానే మొదలుపెట్టాడట. "అమ్మకి ముందురోజే నొప్పి వచ్చింది. క్లినిక్కుకి వెళ్దామని అడిగింది. నేనే వద్దన్నాను." తలెత్తకుండా అంతా చెప్పేసి, ఇక తిడుతుందనీ లేచి వెళ్ళిపోతుందనీ కాచుకుని కూచున్నాడు.

పిల్ల తిట్టలేదు. "నాకు తెలుసు నాన్నా" అంది. "ఆ మధ్యాహ్నం అమ్మ నాకు ఫోన్ చేసింది. మీ నాన్న వద్దంటున్నారే, నువ్వొచ్చి తీసుకెళ్తావా అంది. దుకాణంలో జనం ఉన్నారు. నాన్న చెప్పాక ఇంకేంటమ్మా, ఆయనకి తెలియనిదా అని కసిరి ఫోన్ పెట్టేశాను."

ఆయనకి తెలియనిదా. మా సంస్థలో ఆ మాట నేను ఎన్నిసార్లు అన్నానో, ఎంతమందిని ఆయన దగ్గరికి పంపానో తలుచుకుంటే నా మీద నాకే అసహ్యం వేసింది. పిల్ల తిన్నదా అని అడిగాను. తిన్లేదన్నాడు. ఇద్దరూ తిన్లేదట.

బ్యాడ్జీలు తీసుకునేవాళ్ళు వచ్చి బల్ల ముందు నిలబడ్డారు. ఆయన లేచి కుర్చీ పక్కకి జరిపాడు. రెండడుగులు వేసి మళ్ళీ వెనక్కి వచ్చాడు.

"నేను వద్దన్నాక కూడా ఊరుకోలేదు చెల్లెమ్మా, ఇంకొకళ్ళని అడిగింది" అన్నాడు. "మీ వదినకి బతకాలని అంత ఉంది."