మోగని గజ్జెలు

హన్మాండ్లు గొంతెత్తి పద్యం అందుకున్నాడంటే చచ్చినవాడు లేచి కూర్చుంటాడు. మదీనత్ అల్ షమాల్‌లోని ఆ గల్ఫ్ కూలీల క్యాంపులో ఎవరినైనా అడగండి. యముడి వేషంలో ఆయన వేసిన ఒక్క కేకకు మెస్ వెనక ఎండి నిలబడ్డ ఖర్జూరం చెట్టు చిగురేసింది. నీళ్ల పైపు పగిలిందని కంపెనీ ఇంజనీర్లు అన్నారనుకోండి. చదువుకున్నవాళ్లకు అంతకంటే ఏం తోస్తుంది?

పనికి ఆయన కాంక్రీటు పోసేందుకు చెక్క అచ్చులు కొట్టే షట్టరింగ్ కార్పెంటర్. శుక్రవారం సాయంత్రం మాత్రం బాగోతానికి పెద్ద. కాళ్లకున్న గజ్జెలే అందుకు గుర్తు. అవి ఎప్పుడో మొదట వచ్చిన ఒక మేస్త్రీ ఊరినుంచి తెచ్చినవి. ఎవరి దగ్గరుంటే వాళ్లు, వీసా క్యాన్సిల్ చేసుకొని పోయేరోజు, అందరికంటే బాగా ఆడేవాడి కాళ్లకు కట్టి పోవాలి. కొడుక్కీ తమ్ముడికీ కట్టకూడదు. ఆ రోజుదాకా పేరు బయటపెట్టకూడదు.

హన్మాండ్లు మనసులో పేరు ఎప్పుడో ఖాయమైంది: భూమేష్. వాడు ద్రౌపదిగా ఏడిస్తే, ఒక్క ముక్క అర్థంకాని నేపాలీ వంటమనిషి కూడా గరిటె పక్కన పెట్టి కళ్లు తుడుచుకునేవాడు. ఆ సంగతి ఎక్కడ బయటపడుతుందోనని హన్మాండ్లు అందరికంటే వాణ్ణే ఎక్కువ ఆడిపోసుకునేవాడు.

"ద్రౌపదివారా నువ్వు, గేటుకాడి వాచ్‌మన్‌వా? ఏడుపు గుండెలకెళ్లి రావాలె, ముక్కులకెళ్లి కాదు."

"నా ఆట నీకు ఎన్నడు నచ్చిందే అన్నా," అన్నాడు భూమేష్, చీర మడత పెడుతూ. "ఆ గజ్జెలు రాజు వేషమేసే సురేందర్‌కే కడుతవు. నాకెరుకనే."

హన్మాండ్లు తిరుగు ప్రయాణం దగ్గర్లోనే ఉంది. పేరు నోటిదాకా వచ్చినా ఆపుకున్నాడు.

"యల్లా, పోయి పండు. తెల్లారితే డ్యూటీ."

తెల్లారి బస్సు హారన్ కొట్టినా భూమేష్ మంచం దిగలేదు. నిద్రలోనే గుండె ఆగిందన్నారు.

ఆస్పత్రిలో శవపెట్టె మూసేముందు హన్మాండ్లు గజ్జెలు తీసి వాడి కాళ్ల దగ్గర పెట్టాడు. శవంతో ఏ వస్తువూ పంపకూడదన్నాడు అక్కడి ఉద్యోగి. సురేందర్ వాటిని తీసి మళ్లీ ఆయన చేతిలోనే పెట్టాడు.

"బతికినోళ్లం మేమున్నం కదనే."

"ఉన్నరు," అని గజ్జెలను తువ్వాలలో చుట్టాడు, మోగకుండా.

తాను ఊరికి పోయేరోజు హన్మాండ్లు వాటిని ఎవరి కాళ్లకూ కట్టలేదు. భూమేష్ మంచం పైనున్న మేకుకు తగిలించి, సూట్‌కేసు పట్టుకొని బయటికి వచ్చాడు. ఆయన మొహం చూడలేక సురేందర్, కొత్తగా వచ్చినవాళ్లకు పాత కబురే ఎత్తుకున్నాడు: మా హన్మాండ్లన్న కేకేస్తే చచ్చినోళ్లు లేస్తరని.

హన్మాండ్లు ఆగాడు.

"లేవరు. ఆ పొద్దు భుజం పట్టి ఊపి మస్తు పిలిచిన. గజ్జెలు నీకేరా అని గూడ చెప్పిన. లేవలే."