స్వీడన్ మనిషి ఉత్తరాలు

బసవరాజు ఉప్పల్‌లోని ఒక సినిమా హాల్లో ముప్పై ఏళ్లు ఆపరేటరుగా బొమ్మ ఆడించాడు. హాలు మూతపడ్డాక నాచారంలో ఒక గది అద్దెకు తీసుకుని, యజమాని ఇచ్చేసిన చిన్న ప్రొజెక్టరును మంచం పక్కన పెట్టుకుని ఒక్కడే ఉండేవాడు. రోజుకు నాలుగాటలు ఆడించేవాడికి పెళ్లిచూపులకు తీరికెక్కడిదని అనేవాడు.

2011లో సకల జనుల సమ్మె నడుస్తుండగా, పాత ఇనుము దుకాణంలో అతనికి ఒక రీలు డబ్బా దొరికింది. మీద రాసింది ఏ భాషో తెలియలేదు. కిటికీలకు దుప్పట్లు కట్టి, పట్టపగలే గోడమీద ఆడించాడు. బడి లేక ఊసుపోని పై వాటా కౌసల్యమ్మ టీచరు కూడా దిగివచ్చింది. ఆమెది భీమవరం. భర్త పోయి పదేళ్లు.

గోడమీద ఒక బట్టతల మనిషి రోజూ ఉత్తరం రాస్తున్నాడు. మర్నాడు పోస్టుమాన్ రాగానే పరుగున పోయి తలుపు తీస్తున్నాడు. గరగరమని వినిపించే మాటల్లో ఒక్కటీ అర్థం కాలేదు.

“పెండ్లాం అలిగి తల్లిగారింటికి పోయింది. గందుకే బతిమాలుతుండు,” అని బసవరాజు తేల్చాడు.

కౌసల్యమ్మ ఒప్పుకోలేదు. అలిగిన భార్యకు ఎవరూ అంత నవ్వుతూ రాయరనీ, ఇది పెళ్లి సంబంధమేననీ వాదించింది. తేల్చుకోవడానికి ఆ వారంలో ఐదుసార్లు ఆడించారు. వాదన తేలకముందే సమ్మె ముగిసింది.

ఆమె మేనకోడలు గీతిక సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. ఒక ఆదివారం ఆ సినిమాను సెల్‌ఫోన్‌లో కొంత తీసి ఇంటర్నెట్‌లో పెట్టింది. రెండు నెలలకు స్వీడన్ నుంచి పాత సినిమాలు భద్రపరిచేవాళ్లు జవాబు రాశారు. తమ భాషలో సినిమాకు మాటలొచ్చిన తొలి రోజుల హాస్యచిత్రమట. అందరూ మరిచిపోయారట. కథ కూడా చెప్పారు. ఆ మనిషికి ఎవరూ లేరు. తన తలుపు తట్టడానికి ఒకడైనా రావాలని తనకు తానే ఉత్తరాలు రాసుకుంటాడు.

గీతిక చదివి వినిపించాక బసవరాజు రీలు డబ్బాకు మూత పెట్టాడు.

“నేను గూడ కరెంటాఫీసుకు ఫోన్ జేస్తుంట మేడం,” అన్నాడు. “కరెంటున్నప్పుడు గూడ.”

కౌసల్యమ్మ కొంగు అడ్డం పెట్టుకున్నా నవ్వు ఆగలేదు. తర్వాత తన నంబరు రాసిచ్చి, ఆఫీసువాళ్లను పాపం పని చేసుకోనివ్వమంది.

మర్నాడు పొద్దున్నే పై వాటాలో ఫోన్ మోగింది.

“మేడం, మీ ఇంట్ల కరెంటున్నదా?”

“ఉందండీ.”

“మా దాంట్ల గూడ ఉన్నది.”

ఆపైన ఏం మాట్లాడాలో అతనికి తోచలేదు. ఆమెకు తోచింది. బడికి వేళయ్యేదాకా హెడ్‌మాస్టరు మీద తనకున్న కోపమంతా చెప్పింది.