జామకు పుట్టిల్లేది?

"పేరు తింటారా, కాయ తింటారా?" అని పళ్లమ్మే ఆవిడ ఒకసారి మొహం మీదే అడిగేసింది. నిఘంటువు రాసే పెద్దమనిషి జామకాయను ముక్కుకు ఆనించుకున్నాడు. ఏ వస్తువు పేరు రాయాలన్నా ముందు దాన్ని వాసన చూడటం ఆయన అలవాటు. జామకు అర్థం రాశాడు, వాడుక రాశాడు. ఆ మాట పుట్టుక దగ్గర కలం ఆగిపోయింది. నేరేడు పాత పేరు 'జంబు'వే దీనికీ అంటుకుందని కొందరి ఊహ, రుజువు లేదు. "తెలియదు" అని రాస్తే సంపాదకుడు ఒప్పుకోడు.

"ఏదో ఒకటి గిలికెయ్యండి గురువుగారూ, ఎవడు చూడొచ్చాడు?" అన్నాడు పక్కన కూర్చుని రాతప్రతి ఎత్తిరాసే శిష్యుడు.

"నాకు తెలుసుగా" అని ఆయన గొణిగాడు.

"మీ నిజాయితీని ఇంటివాడు అద్దెలో తగ్గించుకుంటాడా?" అంది భార్య. ఆయన కలం మూత తీశాడు, పెట్టాడు, మళ్లీ తీశాడు. ఒక్కో అక్షరం కింది మాటలన్నీ పూర్తిచేసి ఇస్తేనే డబ్బిస్తారు. 'జ' తాలూకు పైకం ఇంకా రావాలి.