ముందు దీపం, తరవాత మనిషి

మా బావ పోయాడు. పోయిన నెల ఒక మంగళవారం పొద్దున్నే, ఇంట్లోనే, ఊపిరి అందక పోయాడు.

కంచిలి నుంచి బారువ దాకా కొబ్బరి తోటల్లో ఆయన దిగని నుయ్యి లేదు. వేసవిలో నూతుల అడుగున పేరుకున్న పూడిక తీయడం ఆయన పని. పైన నిలబడి తాడు పట్టడం నా పని. ఆయన నా చెల్లెలి భర్త. నాకంటే చిన్నవాడే అయినా ఇద్దరం ఒకరినొకరం "బావా" అనే పిలుచుకునేవాళ్ళం. నాది ఊరిబడి చదువు. రాయడం అలవాటు లేదు. అయినా ఈ ఒక్కటీ రాయాలి.

నూతిలోకి దిగే ముందు ఆయన తప్పకుండా దీపం దించేవాడు. బకెట్లో కిరసనాయిలు బుడ్డి వెలిగించి పెట్టి, సన్నతాడుతో మెల్లగా వదిలేవాడు. చాన్నాళ్ళు వాడని నూతిలో చెడ్డగాలి నిలిచి ఉంటుంది. కంటికి కనబడదు. దిగినవాడు కేకైనా వేయకుండా కూలిపోతాడు. దీపం అడుగుదాకా వెలిగితే దిగొచ్చు, మధ్యలో ఆరితే దిగకూడదు. దాని మీదే కన్నుంచి, ఆరిన క్షణాన "ఆరింది!" అని అరవడం నా వంతు. అప్పుడు జీడిమామిడి కొమ్మ తాడుకి కట్టి, పైకీ కిందికీ ఊపి గాలి ఆడించేవాళ్ళం. మళ్ళీ దీపం దించేవాళ్ళం.

"ముందు దీపం బావా, తరవాత మనిసి" అనేవాడు.

బారువ దగ్గర ఒక తోట ఆసామికి తొందరెక్కువ. "ఏట్రా, నూతికి హారతిత్తన్నావేటి? బేగి దిగు" అన్నాడు.

బావ బకెట్టు వదులుతూనే, "నూతికి కాదు బాబూ. రేపు మా ఇంటోలు నా తల కాడ దీపం ఎట్టకుండా, నానే ముందుగాల ఎట్టుకుంతన్నాను" అన్నాడు.

ఆసామి నవ్వాడు. ఆ రోజు దీపం మూడుసార్లు ఆరింది. మూడోసారికి నవ్వు మానేసి, తనే వెళ్ళి కొమ్మ విరిచి తెచ్చాడు.

పని అయి పైకి రాగానే ముందు నా చేతులు చూసేవాడు, తాడు ఒరుసుకుని కోసుకుపోయాయేమోనని. "పైన నువ్వున్నావనే కదా బావా, కింద నాను పాట పాడుకుంతన్నాను" అనేవాడు. ఒక్కనాడూ నన్ను దిగనివ్వలేదు.

తాడుని ఉయ్యాలలా ముడివేస్తే అందులో కూర్చుని దిగేవాడు. తాడు ఒరుసుకుని తొడల కింద చర్మం కాయలు కాసి ఉండేది. రెండు వేసవుల కింద ముడి బిగిస్తుంటే కుడి తొడ మీద నిమ్మకాయంత ఉబ్బు నా చేతికి తగిలింది.

"ఇదేటి బావా?"

"తాడు కాయ. ఇన్నేల్లు ఉయ్యాలూగితే కాయదేటి?"

"నొప్పా?"

"నొప్పి నేదు, గిప్పి నేదు. మీ సెల్లికి సెప్పకు. ఇల్లు పీకి పందిరేత్తాది."

నేను చెప్పలేదు. మాట్లాడకుండా ఉండటం నాకు తేలిక. కానీ తాడు కాయ చర్మం మీద ఉంటుంది. ఇది లోపల కండలో ఉంది, గట్టిగా ఉంది. ఆ సంగతి నా వేళ్ళకి ఆ రోజే తెలిసింది.

ఆ వేసవిలోనే ఊళ్ళో కిడ్నీ క్యాంపు పెట్టారు. మా ఉద్దానంలో జబ్బంటే కిడ్నీ జబ్బే. దానికి మనిషిని పోగొట్టుకోని వీధి లేదు. అక్షరం రానివాళ్ళు కూడా క్రియాటినిన్ అంటారు. బావ నెత్తురిచ్చాడు. కాగితం చూసి క్యాంపు డాక్టరు, "కిడ్నీలు బాగున్నాయి. ఇంకేమైనా బాధ ఉందా?" అని అడిగారు.

"నేదండి" అని, బావ నా వంక చూశాడు. నేను నేల చూశాను.

ఆ కాగితం పట్టుకుని వీధంతా తిరిగాడు. "నాకేటీ నేదు. ఇంకో ఇరవై ఏల్లు నూతులు నాయే" అన్నాడు. అందరికీ వేడి పకోడీలు తెచ్చి పెట్టాడు. నేనూ తిన్నాను. ఒక జబ్బు లేదంటే ఏ జబ్బూ లేదనుకునే అలవాటు మాది.

ఈ పూడికలయ్యాక చూపిద్దాం అన్నాడొకసారి. పూడికలయ్యాయి, వానలొచ్చాయి, మళ్ళీ వేసవి వచ్చింది. కాయ చిన్న కొబ్బరికాయంత అయింది. దగ్గు మొదలైంది. చెల్లి అప్పుడు చూసింది. ఆ వారమే విశాఖపట్నం తీసుకెళ్ళాం.

క్యాన్సరన్నారు. ఊపిరితిత్తులకి పాకిందన్నారు.

"తొడ కాడ కాయ ఊపిరితిత్తుల్లోకెలాగెల్లిందమ్మా?" అని బావ అడిగాడు.

అక్కడి డాక్టరమ్మ ఓపికగా చెప్పింది. "గడ్డ తొందరగా పెరిగింది, పెద్దాయనా. రక్తనాళాలు దానికి సరిపోలేదు. నడిమధ్యకి ఆక్సిజన్ అందలేదు. గాలి అందక అక్కడ కణాలు చాలా చచ్చిపోతాయి. కొన్ని చావవు. గాలి చాలకుండానే బతకడం నేర్చుకుంటాయి. అవి మొండివి. రేడియేషన్, అదే కరెంటు, పెట్టినా తేలిగ్గా లొంగవు. ఉన్నచోటు వదిలి, రక్తంలో పడి, వేరేచోట పాతుకునే గుణం కూడా వాటికే ఎక్కువ. పాకడానికి ఇదొక్కటే కారణమని కాదు. ఇదొక పెద్ద కారణం."

బావ, "దీపం ఆరిపోయిన నూతిలో సావకుండా మిగిలినోలన్నమాట" అన్నాడు.

"అలాగే అనుకోండి."

"ఆల్లు పైకొచ్చీసారు. ఇంకెవుల మాటా ఇనరు."

చెల్లి అడిగింది, "ముందే తెత్తే బాగయ్యేదామ్మా?"

"చిన్నగా ఉన్నప్పుడైతే కోసి తీసేసేవాళ్ళం. ఖాయంగా ఆగేదని చెప్పలేను. కానీ ఇప్పటికంటే దారి ఉండేది."

బావ నా వైపు చూడలేదు. చూస్తే నేను తట్టుకోలేనని ఆయనకి తెలుసు.

చివరి రోజుల్లో ఇంట్లోనే మంచం పక్కన ఆక్సిజన్ సిలిండరు పెట్టారు. దాని దగ్గర దీపం వెలిగించొద్దని నర్సమ్మ గట్టిగా చెప్పింది. అందుకని చెల్లి సాయంత్రం దీపం పెరటి గట్టు మీద, దూరంగా పెట్టేది. బావ కిటికీలోంచి దాన్నే చూస్తూ ఉండేవాడు. ఒకనాడు ముక్కు మీది గొట్టం పక్కకి జరిపి అన్నాడు:

"దీపం ఎలుగుతంది బావా. గాలున్నాది. నాకే అందనేదు."

మూడోరోజు పోయాడు.

దినాలయ్యాక చెల్లి నా ఎదురుగా కూర్చుంది. "నీకు ముందే తెలుసా అన్నియ్యా?"

"తెలుసు" అన్నాను.

చెల్లి లోపలికి వెళ్ళి, ఆయన బకెట్టూ బుడ్డీ సన్నతాడూ తెచ్చి నా ముందు పెట్టి వెళ్ళిపోయింది.

అందుకే ఇది రాస్తున్నాను. ఒంట్లో లోతుగా ఏదైనా పెరుగుతుంటే, నొప్పి లేకపోయినా చూపించుకోండి. పక్కవాడి ఒంటి మీద కనబడితే నాలా ఊరుకోకండి.

నిన్న మధ్యాహ్నం మా తోటలో పాత నూతి దగ్గరికి వెళ్ళాను. బుడ్డి వెలిగించి బకెట్టు వదిలాను. నాలుగు బారల దాకా నిటారుగా వెలిగింది. ఆ తర్వాత మంట చిన్నదైంది, నీలంగా మారింది. కింద చీకటి.

"ఆరింది!" అని అరిచాను. గొంతు చిరిగేలా అరిచాను.

నూతిలోంచి నా కేకే తిరిగొచ్చింది. చేతిలో సన్నతాడుకి బకెట్టు బరువు తప్ప ఇంకేమీ లేదు.