మెయిన్ కంటే ముందు

మా అక్క ఉట్టి పిరికిది. పిరికితనమే దాని వృత్తి అనేవాడు బావ. అట్టపెట్టెలు కోసే మిషన్లలో ప్రోగ్రాం తప్పులు సరిచేయడం అక్క పని, మరలూ మోటార్లూ చూడడం బావ పని. అక్క ఏ ప్రోగ్రాం తెరిచినా ముందు మెయిన్ అనే మొదటి వాకిట్లో బ్రేక్‌పాయింట్ పెట్టేది. ప్రోగ్రాం అక్కడికొచ్చి ఆగిపోతుంది. ఆ తర్వాత ఒక్కో అడుగూ అక్క వేయమంటేనే వేస్తుంది. అందుకే బావ దానికి ఆగమ్మ అని పేరు పెట్టాడు.

ఆ రోజు నేను క్యారేజీ ఇవ్వడానికి షెడ్డుకు వెళ్ళి తలుపు దగ్గరే నిలబడ్డాను. కొత్త రకం మిషన్ అది. కత్తి కింద అడ్డేమైనా ఉందో లేదో చెప్పే సెన్సరు వదులైంది. బావ దాన్ని వేళ్ళతో పట్టుకుంటే, అక్క ప్రోగ్రాం మొదలుపెట్టి మెయిన్ దగ్గర ఆపి, సెన్సరు ఏం చెబుతోందో తెర మీద చూడాలి. ఏళ్ళ తరబడి వాళ్ళు అలాగే చేస్తున్నారు.

బావ మోచేతి దాకా లోపల పెట్టాడు. అక్క వేలు మీట మీదికి వెళ్ళి, ఆగింది.

"చెయ్యి తియ్యి."

"మెయిన్ దగ్గర ఆగుతుందిగా తల్లీ."

"ఆగుతుంది. అయినా తియ్యి."

"ఇలా అయితే పెట్టెలు వచ్చే జన్మలో కోస్తాం," అంటూనే తీశాడు. చేయి ఉన్న చోట అక్క ఒక అట్టముక్క పెట్టి, మీట నొక్కింది.

కత్తి దిగింది. అట్ట రెండు ముక్కలైంది. అంతా అయ్యాక, ఏమీ ఎరగనట్టు, ప్రోగ్రాం మెయిన్ మొదటి వరుసలో వచ్చి నిలబడింది.

బావ తన మణికట్టును రెండో చేత్తో పట్టుకుని చూసుకుంటున్నాడు. అక్క తెర మీదికి వంగింది.

"మెయిన్ కంటే ముందే ఏదో నడుస్తోంది," అంది చివరికి. "ఇన్నాళ్ళూ నేను వాకిలి అనుకున్నది నట్టిల్లు."

బ్రేక్‌పాయింట్‌ను అసలు మొదలుకు, మిషన్ కళ్ళు తెరిచే మొట్టమొదటి ఆదేశానికి జరిపింది. అక్కడినుంచి ఒక్కో అడుగే నడిపింది. మెయిన్‌కు ముందు సరంజామా సర్దే భాగంలో, కత్తిని దాని చోటికి పంపే వరుస ఒకటి దొరికింది. అడ్డు ఉందో లేదో చూడకుండానే పంపుతోంది. దాన్ని తీసి, సెన్సరు చూశాకే నడిచేలా మెయిన్ లోపల పెట్టింది. మళ్ళీ అట్ట పెట్టి చూసింది. కత్తి కదలలేదు. మళ్ళీ చూసింది. మళ్ళీ.

"పెట్టనా?" అన్నాడు బావ.

అక్క పెట్టమనలేదు. లేచి వెళ్ళి ప్లగ్గు పట్టుకుని కూర్చుంది. "ఆ మీట నువ్వే, ఎడం చేత్తో నొక్కుకో. కదిలిందంటే లాగేస్తాను."

బావ చేయి లోపల పెట్టాడు. నేను కళ్ళు మూసుకున్నాను. ఏ చప్పుడూ రాలేదు. కళ్ళు తెరిచేసరికి సెన్సరు బిగించడం అయిపోయింది. అక్క మాత్రం ప్లగ్గు వదల్లేదు.

ఏళ్ళ తర్వాత అక్క పోయాక బావ కొన్నాళ్ళు షెడ్డు తెరవలేదు. తెరిచిన రోజు నేనూ వెళ్ళాను. కత్తి కిందికి వంగి, చేయి చాచి, వెనక్కి తీసుకున్నాడు.

"ప్లగ్గు దగ్గర కూర్చుంటావా, మరదలా?"

కూర్చున్నాను.