పరాయి ఆట

ఇంగ్లండు రాజుగారి పేరు చెప్పి గ్లాసులెత్తే వేళ అలెగ్జాండ్రియా క్లబ్బులో అందరూ లేచి నిలబడేవారు. ఫిన్బార్ క్విల్లిగన్ ఒక్కడే కుర్చీలో కదలకుండా కూర్చునేవాడు.

"ఏం పాడీ, కాళ్లు నొప్పులా?" అని, ఐరిష్‌వాడు ఎవడైనా సరే పాడీ అని పిలిచే ఇంగ్లీషువాళ్లు వెక్కిరించేవారు.

"పొద్దుట్నించీ మిమ్మల్ని బంతి వెనకాల పరిగెత్తించానుగా, నాకూ కాస్త అలుపొచ్చింది" అనేవాడు.

జట్టులోంచి తీసేద్దామంటే క్రికెట్లో అంత బాదేవాడు మళ్లీ దొరకడు. మింగలేక కక్కలేక ఊరుకునేవారు.

పత్తి కొట్లలో దూది నాణ్యం చూడటం అతని ఉద్యోగం. పుట్టింది ఐర్లండులోని లిమరిక్‌లో. అక్కడ రగ్బీ అంటే రేవులో మూటలు మోసేవాళ్ల ఆట. తండ్రీ ఆడాడు, మేనమామలూ ఆడారు. క్రికెట్టేమో అమ్మమ్మగారి ఊళ్లో, కోతలయ్యాక పాలేర్ల దగ్గర నేర్చాడు. అవి దొరల ఆటలని అతనికి పెద్దయ్యాక సొంతవాళ్లే చెప్పారు. ఐర్లండు సొంత ఆట హర్లింగ్, వంకీ కర్రతో బంతిని గాల్లో బాదే ఆట. ఇంగ్లీషువాళ్ల పరాయి ఆట ఆడినవాడు దాన్ని ఆడరాదని హర్లింగ్ సంఘం కట్టుబాటు. చూసినవాడికీ అదే శిక్ష. ఏ మహానుభావుడు రాశాడో గానీ, సముద్రం దాటొచ్చినా ఆ కట్టుబాటు వదల్లేదు.

ఆ ఏడు ఐర్లండువాళ్ల సెయింట్ పాట్రిక్ పండుగకి, అలెగ్జాండ్రియా ఐరిష్‌వాళ్లకి పోర్ట్ సయీద్ ఐరిష్‌వాళ్లతో హర్లింగ్ పందెం కుదిరింది. ఫిన్బార్‌కి నలభై దాటాయి. ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి, జట్టు ఆకుపచ్చ చొక్కా తొడుక్కుని తనవాళ్ల మధ్య ఆడాలని ప్రాణం కొట్టుకుపోయింది.

పందేనికి ముందురోజు గ్రీకువాడి కాఫీకొట్టులో పంచాయితీ పెట్టారు. ఫాదర్ కిలియన్ పెద్ద. తగువు తెచ్చినవాడు సంఘం కార్యదర్శి మలాకీ డూలన్.

"వీడు ఇంగ్లీషువాళ్ల క్లబ్బులో రగ్బీ ఆడుతున్నాడు ఫాదర్. వీడికి చొక్కా ఇవ్వకూడదు."

"ఎవరు చూశారయ్యా?" అన్నాడు ఫాదర్.

ఎవరూ నోరు విప్పలేదు. చూశానన్నవాడి ఆటా పోతుంది మరి.

"సాక్ష్యం లేదుగా. కొట్టేద్దాం" అంటూ ఫాదర్ లేవబోయాడు.

డూలన్‌కి ఒళ్లు మండింది. "ఎట్టా కొట్టేస్తారండీ! మొన్న గీత మీద ఆనించాల్సిన బంతిని జానెడు ముందే జారవిడిచాడు, అయినా ఆ గుడ్డి రిఫరీ పాయింట్లిచ్చేశాడు!"

గుమ్మడికాయల దొంగెవరంటే భుజాలు తడుముకున్నాడు కార్యదర్శి. కొట్టంతా గొల్లుమంది.

ఫాదర్ తల పట్టుకున్నాడు. "డూలన్, నువ్వు చూళ్లేదను. ఫిన్బార్, నువ్వు ఆళ్లేదను నాయనా. రేపు ఇద్దరూ ఆడండి."

"నేను చూళ్లేదు" అన్నాడు డూలన్, తడుముకోకుండా.

అందరూ ఫిన్బార్ వైపు తిరిగారు. ఒక్క అబద్ధం ఆడితే చొక్కా అతనిదే. అతను లేచి నిలబడ్డాడు.

"ఆడాను. బంతి గీత మీదే పెట్టాను. వచ్చే శనివారమూ ఆడతాను. మా నాన్న ఆడిన ఆట పరాయిదెట్టా అవుతుంది? రాజుగారికే లేవనివాణ్ణి, మీ రూలుకి వంగుతానా?"

టోపీ పెట్టుకుని వెళ్లిపోయాడు. రెంటికి చెడ్డ రేవడని వెనకనుంచి ఎవరో అన్నారు.

మర్నాడు గట్టు మీద నిలబడి తనవాళ్ల కోసం గొంతు పోయేదాకా అరిచాడు. ఆట సగంలో ఒకడికి మోకాలు చితికింది. డూలన్ రొప్పుతూ వచ్చాడు.

"మనిషి తక్కువయ్యాడురా. వచ్చే శనివారం రగ్బీ ఆడనని ఒక్క మాట అను. చొక్కా నీదే."

ఫిన్బార్‌కి కళ్లల్లో నీళ్లు తిరిగాయి. దాచుకోలేదు.

"శనివారం ఆడతానురా మలాకీ. దొంగచాటుగా దేనికి, గేటులోంచి వచ్చి చూడు."

డూలన్ వెనక్కి పరిగెత్తాడు. ఒక్క గోలు తేడాతో అలెగ్జాండ్రియావాళ్లు ఓడారు. దాని గురించి ఊళ్లో ఐరిష్‌వాళ్లలో ఫిన్బార్‌ని తిట్టనివాడు లేడు.

శనివారం రగ్బీ చూడ్డానికి డూలన్ గేటులోంచే వచ్చాడు. అందరూ చూస్తుండగా ముందు వరసలో కూర్చున్నాడు.